బ్లాక్‌జాక్‌లో డీలర్ లెక్క తప్పితే ఏం చేయాలి?

కాసినో తరఫున ముక్కలు పంచే డీలర్‌తో పోటీపడి, 21 దాటకుండా దానికి దగ్గరగా చేరాల్సిన పేకాట బ్లాక్‌జాక్. అది ఆడేవాళ్లలో చాలామంది బేసిక్ స్ట్రాటజీ పట్టికను, అంటే ఏ ముక్కలకు ఏం చేయాలో చెప్పే పట్టికను, బట్టీపట్టి వస్తారు. మంచి పనే. అమెరికా సైన్యంలో పనిచేస్తున్న నలుగురు కంప్యూటర్ లేకుండా, బల్ల మీది లెక్కల యంత్రాలతో కుస్తీపట్టి 1956లో అచ్చువేసిన లెక్క అది. దాని ప్రకారం ఆడితే, రూల్స్ బాగున్న టేబుల్ దగ్గర కాసినోకి మన మీద ఉండే మొగ్గు సుమారు అర శాతానికి దిగుతుంది. పందెం 100 అనుకోండి, గంటకు 70 ఆటలు పడతాయనుకోండి. మొత్తం కాసింది 7,000. అందులో అర శాతం 35. సగటున గంటకు మీరు పోగొట్టుకునేది అంతే.

ఇప్పుడు మీకు బ్లాక్‌జాక్ పడింది, అంటే మొదటి రెండు ముక్కలే ఒక ఆసు, ఒక పది విలువ ముక్క. 150 ఇవ్వాల్సిన డీలర్ 100 పెట్టేసి పక్క సీటుకు వెళ్లిపోయారు. పోయింది 50, అంటే దాదాపు గంటన్నర ఆటలో పోయే సొమ్ము. మీకు 20, డీలర్‌కూ 20 వచ్చి పుష్ అయినప్పుడు, అంటే ఆట సమానమై పందెం మీకే ఉండాల్సినప్పుడు, మీ చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) లాగేసుకున్నారంటే పోయేది 100. అది దగ్గర దగ్గర మూడు గంటల ఆట. ఇవి ఎప్పుడో వచ్చే సందర్భాలు కూడా కావు. బ్లాక్‌జాక్ సగటున 21 ఆటలకొకసారి పడుతుంది, పుష్ 12 ఆటలకొకసారి వస్తుంది. కాబట్టి పట్టిక ఎంత బాగా వచ్చినా, డీలర్ చేతుల మీద కన్నేసి ఉంచకపోతే నేర్చుకున్నదంతా అక్కడే కారిపోతుంది.

డీలర్ తప్పు చేస్తే కోపం రావడం సహజం. కానీ కోపంతో డబ్బు వెనక్కి రాదు. సరైన క్షణంలో, సరైన మాటతో ఆట ఆపితేనే వస్తుంది. దానికి సిద్ధం కావడం కుర్చీలో కూర్చోక ముందే మొదలవ్వాలి.

కూర్చునే ముందు

టేబుల్ మీది గుడ్డపై రాసింది, పక్కన నిలబెట్టిన బోర్డుపై ఉన్నది పూర్తిగా చదవండి. బ్లాక్‌జాక్‌కు 3కి 2 ఇస్తారా, 6కి 5 ఇస్తారా అన్నది మొదట చూడాలి. 100 పందేనికి మొదటి దాంట్లో 150 వస్తుంది, రెండో దాంట్లో 120 మాత్రమే. ఈ ఒక్క తేడాతో కాసినో మొగ్గు సుమారు 1.4 శాతం పెరుగుతుంది. 6కి 5 ఇచ్చే టేబుల్ దగ్గర డీలర్ ఎంత నేర్పరైనా నేను కూర్చోమని చెప్పను. తర్వాత చూడాల్సింది, 1గా గానీ 11గా గానీ లెక్కేసే ఆసును 11గా తీసుకుని 17 వచ్చినప్పుడు, అంటే సాఫ్ట్ 17 మీద, డీలర్ ఆగుతారా, ఇంకో ముక్క తీస్తారా అన్నది. తీస్తే మొగ్గు మరో 0.2 శాతం దాకా పెరుగుతుంది. ఈ రెండూ తెలియకుండా కూర్చుంటే ఏది డీలర్ తప్పో, ఏది ఆ టేబుల్ రూలో మీరు తేల్చుకోలేరు.

రూల్స్ నచ్చాక కూడా వెంటనే డబ్బు తీయకండి. వెనక నిలబడి కొన్ని ఆటలు చూడండి. డీలర్ కళ్లు ముక్కల మీద ఉన్నాయా, పక్క టేబుల్ కబుర్ల మీద ఉన్నాయా? ఆటగాడు చేత్తో సైగ చేసేదాకా ఆగుతున్నారా, ముందే ముక్క లాగేస్తున్నారా? నాలుగైదు చిన్న ముక్కలు పోగైన చేయిని ఎలా కూడుతున్నారు? డీలర్ కొత్తవారో పాతవారో అక్కడే తెలుస్తుంది. పది, రాజు వస్తే ఇరవై అని ఎవరైనా చెప్తారు. ఆసు, రెండు, నాలుగు, ఆసు, మూడు వచ్చినప్పుడు తడుముకోకుండా 21 అనగలిగితే ఆ డీలర్‌ను నమ్మొచ్చు.

నెమ్మదిగా పంచే డీలర్‌ను చూసి పారిపోవాల్సిన పని లేదు. చిప్స్ రెండుసార్లు లెక్కపెట్టుకునే కొత్త డీలర్ దగ్గర గంటకు పడే ఆటలు తగ్గుతాయి, మీరు సరిచూసుకోవడానికి సమయమూ దొరుకుతుంది. భయపడాల్సింది వేగంగా పంచుతూ ధ్యాస లేని డీలర్ గురించి. టేబుల్ మీద ఆట సాగే వేగం చూసి ఆటగాళ్లు కూడా ఆగి అడగడానికి మొహమాటపడతారు. తప్పులన్నీ ఆ మొహమాటం చాటునే దాటిపోతాయి.

ఏ సీటులో కూర్చుంటారన్నదీ ముఖ్యమే. ముక్కలు పంచేది డీలర్ ఎడమ చేతి వైపు నుంచి. ఆట అయ్యాక లెక్క తేల్చేది మామూలుగా కుడి చేతి వైపు నుంచి. అంటే డీలర్‌కు ఎడమ చివర కూర్చుంటే మీ లెక్క ఆఖరున తేలుతుంది. డీలర్ మొత్తం ఎంతో చూసి, మీ మొత్తంతో పోల్చుకోవడానికి ఆ నాలుగు క్షణాలు మీకు మిగులుతాయి. కుడి చివర కూర్చున్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. కూడికల్లో ఇంకా చెయ్యి తిరగని వాళ్లు ఎడమ చివరే చూసుకోండి.

పందెం, సైగలు

డబ్బు డీలర్ చేతికివ్వకుండా టేబుల్ మీద పరచండి. బదులుగా వచ్చిన చిప్స్‌ను మీవైపు లాక్కునే ముందే కళ్లతో లెక్కపెట్టండి. పందెం పెట్టేటప్పుడు పెద్ద చిప్స్ కింద, చిన్నవి పైన ఒకే దొంతరగా పేర్చండి. 3కి 2 టేబుల్ దగ్గర సరిసంఖ్య మొత్తాలే కాయండి. 20కి 30, 50కి 75 అని ఎవరైనా నోటితో చెప్పేస్తారు. 15 కాస్తే 22.50 ఇవ్వాలి, 25 కాస్తే 37.50. డీలర్లు తడబడేది, తోచిన అంకెకు కుదించేసేది ఇలాంటి చోటే.

ముక్కలు పంచడం మొదలయ్యాక పందెం మీద చెయ్యి వేయొద్దు. డబుల్ చేసేటప్పుడైనా (పందెం రెట్టింపు చేసి ఇంకొక్క ముక్కే తీసుకోవడం), స్ప్లిట్ చేసేటప్పుడైనా (ఒకే విలువున్న రెండు ముక్కల్ని రెండు చేతులుగా విడదీయడం) అదనపు చిప్స్‌ను మొదటి దొంతర పక్కన పెట్టాలి, పైన కాదు. పైన పెడితే ఎంత కాశారో తెలియక డీలర్ తక్కువ ఇవ్వొచ్చు. పందెం దొంగచాటుగా పెంచారన్న అనుమానం కూడా మీ మీదికి వస్తుంది.

ఇక సైగలు. ముక్క కావాలంటే టేబుల్ మీద వేలితో తట్టాలి, చాలనుకుంటే ముక్కల మీదుగా అరచెయ్యి అడ్డంగా ఊపాలి. నోటితో చెప్పినా సరే, సైగ మాత్రం మానొద్దు. తగువు వచ్చినప్పుడు కాసినో వాళ్లు చూసేది పైనున్న కెమెరా రికార్డింగునే. మీరు "చాలు" అన్నారా, "కావాలి" అన్నారా అన్నది ఆ బొమ్మ చెప్పదు, మీ చెయ్యి ఏం చేసిందో చెబుతుంది. గడ్డం గోక్కుంటూ, చిప్స్ ఆడిస్తూ కూర్చునే అలవాటుంటే మానుకోండి. ధ్యాస లేని డీలర్ దాన్నే సైగ అనుకుని ముక్క వేసేస్తారు.

మీ కూడిక మీరే వేసుకోండి

డీలర్ చెప్పేదాకా ఆగకుండా, ప్రతి ముక్క పడగానే మీ మొత్తం, డీలర్ మొత్తం మనసులో అనుకోండి. ఆసు ఉన్న చేతికి రెండు అంకెలూ కలిపి అనుకోవడం అలవాటు చేసుకోండి: ఆరు లేదా పదహారు, ఎనిమిది లేదా పద్దెనిమిది, ఇలా.

ఇది ఎంత అవసరమో ఒక్క ఆట చూస్తే తెలుస్తుంది. మీ దగ్గర 19 ఉంది, ఆగారు. డీలర్ ఎదుట 5 కనిపిస్తోంది. మూసి ఉన్న ముక్క తిప్పితే ఆసు. ఆరు లేదా పదహారు, కాబట్టి ఇంకో ముక్క తీయాలి. రెండు పడింది. ఇప్పుడు ఎనిమిది లేదా పద్దెనిమిది. ఏ కాసినో రూలు ప్రకారమైనా డీలర్ ఇక్కడ ఆగాలి, 19 ఉన్న మీరు గెలవాలి. కానీ అలసిపోయిన డీలర్‌కు ఆసు ఒకటిగానే కనబడింది. "ఎనిమిది" అనుకుని మరో ముక్క లాగారు. మూడు. ఈసారి ఆసును పదకొండుగా లెక్కేసి "ఇరవై ఒకటి" అని ప్రకటించి అందరి చిప్స్ ఊడ్చేశారు. చివరి మొత్తం నిజంగానే 21. అందుకే చూసేవాళ్లకు తప్పు కనిపించదు. తప్పు జరిగింది అంతకు ముందు ముక్క దగ్గర. డీలర్‌తో పాటు కూడుతూ వచ్చినవాళ్లకే అది దొరుకుతుంది.

డీలర్ హార్డ్ 17 మీద, అంటే ఆసును 11గా లెక్కేయకుండా వచ్చిన 17 మీద, పొరపాటున ఇంకో ముక్క తీసినప్పుడు కూడా ఇంతే. చాలా చోట్ల ఆ ముక్కను పక్కన పడేసి 17నే ఖాయం చేస్తారు. ఆ ముక్కతో డీలర్ బస్ట్ అయ్యారు (21 దాటిపోయారు) కదా అని మీరు సంబరపడితే ఆ సంబరం నిలవదు.

ఆపాల్సిన క్షణం

తప్పు కంటపడగానే ముందు చేయాల్సింది ముక్కలు కదలకుండా చూడటం. అరచెయ్యి కాస్త పైకెత్తి, గట్టిగా, మర్యాదగా చెప్పండి: "ఒక్క నిమిషం ఆగండి, ముక్కలు తీయకండి." తర్వాత లెక్క చెప్పండి: "నాది పందొమ్మిది. మీరు పద్దెనిమిది దగ్గర ఆగాలి." అంతే. "మీకు లెక్కలు రావా?" లాంటి మాట ఒక్కటి నోరుజారినా సంగతి ముక్కల మీది నుంచి మనుషుల మీదికి పోతుంది. ముక్కల్ని గానీ చిప్స్‌ని గానీ మీ చేత్తో ముట్టుకోవద్దు. మీ పందెం అన్యాయంగా లాగేస్తున్నా సరే, చిప్స్ పట్టుకుని ఆపొద్దు. కెమెరాలో అది మీ తప్పుగా కనిపిస్తుంది.

ముక్కలు అప్పటికే తీసేశారా? ఆశ వదులుకోకండి. డీలర్లు ముక్కలు తీసేది ఇష్టం వచ్చినట్టు కాదు. కుడి నుంచి ఎడమకు ఒక్కో చేయిని వరసగా ఎత్తి, ఆడేసిన ముక్కలు ఉంచే డిస్కార్డ్ ట్రేలో పెడతారు. ఒకరి ముక్కలు మరొకరి ముక్కల్లో కలవకుండా దొంతరగా ఉంటాయి. సూపర్‌వైజర్ ఆ దొంతరను ట్రేలోంచి తీసి, ఎత్తిన వరసకు ఎదురు వరసలో ఎవరి ముక్కలు వారి ముందు తిరిగి పరచగలరు. ఆట మొత్తం మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది. మీ 20, డీలర్ 20 ఒకదానికొకటి ఎదురుగా కనబడ్డాక వాదించేవాళ్లు ఉండరు. ఇదంతా తర్వాతి ఆట ముక్కలు షూలోంచి (ముక్కలు పంచే పెట్టెలోంచి) బయటికి రాకముందే జరగాలి. కొత్త ముక్కలు పడ్డాయంటే పాత ఆటను నిలబెట్టడం కష్టమవుతుంది. కెమెరా తప్ప వేరే దారి ఉండదు. అందుకే "పోనీలే, తర్వాత అడుగుదాం" అనుకోవద్దు. తర్వాత అన్నది ఈ ఆటలో లేదు.

బ్లాక్‌జాక్‌కు తక్కువ ఇచ్చినప్పుడు మాత్రం ఒక చిన్న జాగ్రత్త. ఇచ్చిన చిప్స్‌ను మీ పందెంలో కలపకండి, మీవైపు లాక్కోకండి. పందెం ఒక దొంతర, ఇచ్చింది పక్కన ఇంకో దొంతర. అవి అలాగే ఉన్నంతసేపు ఎంత తక్కువైందో అక్కడే కనిపిస్తుంది. కలిపేశాక మీ మాట, డీలర్ మాట మాత్రమే మిగులుతాయి. డబుల్ గెలిచినప్పుడు ఒక దొంతరకే చెల్లించి వెళ్లిపోవడం కూడా తరచూ జరిగేదే. అక్కడా ఇదే పద్ధతి.

సూపర్‌వైజర్ వచ్చాక

తప్పును డీలర్ తనంతట తాను దిద్దే అధికారం చాలా చోట్ల ఉండదు. ఫ్లోర్ సూపర్‌వైజర్‌ను పిలవాల్సిందే. కాబట్టి "సూపర్‌వైజర్‌ను పిలవండి" అని అడగడం డీలర్ మీద చాడీ చెప్పడం కాదు, అది వారికి కూడా రక్షణే. సూపర్‌వైజర్ రాగానే మీ పందెం ఎంత, మీ ముక్కలేమిటి, డీలర్ ముక్కలేమిటి, ఏం ఇచ్చారు, ఏం రావాలి అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. ముందు జరిగిన తప్పుల చిట్టా విప్పకండి. పక్క ఆటగాళ్లు చూసి ఉంటే మాట కలుపుతారు, కలపమని ఒత్తిడి చేయొద్దు.

సూపర్‌వైజర్ మీ మాట కాదంటే కెమెరా రికార్డింగు చూడమని అడగండి. చిన్న మొత్తానికి చూడటానికి విముఖంగా ఉంటారు, నిజమే. అయినా అడగండి. అది తేలేదాకా ఆ పందెం పక్కన పెట్టి ఆట సాగించమంటారు, అందుకు ఒప్పుకోవచ్చు. కానీ పిట్ బాస్ (సూపర్‌వైజర్ల పైఅధికారి) చివరి మాట చెప్పాక టేబుల్ దగ్గర గొడవ పెంచొద్దు. దానికి వేరే చోటుంది, చివర్లో చెబుతాను.

తప్పులా కనిపించేవి

కొన్నిసార్లు తప్పు డీలర్‌ది కాదు, రూలు అంతే. ఆసులను స్ప్లిట్ చేశాక ఒకదాని మీద పది పడితే అది 21 మాత్రమే, బ్లాక్‌జాక్ కాదు. ఒకటికి ఒకటే ఇస్తారు. మీరు మూడు ముక్కలతో తెచ్చుకున్న 21 డీలర్ బ్లాక్‌జాక్ ముందు ఓడిపోతుంది. మూసిన ముక్క లేకుండా ఒక్క ముక్కతో మొదలుపెట్టే యూరోపియన్ పద్ధతిలో, మీరు డబుల్ చేశాక డీలర్‌కు బ్లాక్‌జాక్ వస్తే చాలా చోట్ల రెండు పందేలూ పోతాయి. సాఫ్ట్ 17 మీద ముక్క తీయడం ఆ టేబుల్ రూలైతే అడగడానికేమీ లేదు. వీటి మీద ఆట ఆపితే, ఆ తర్వాత నిజమైన తప్పు చూపించినప్పుడు మీ మాటకు విలువ తగ్గుతుంది.

డీలర్ ఇచ్చే సలహాల సంగతి వేరు. డీలర్ ఎదుట ఆసు ఉన్నప్పుడు "ఇన్సూరెన్స్ తీసుకోండి, మంచి చేయి కదా" అని చాలామంది డీలర్లు నమ్మకంగా చెబుతారు. ఇన్సూరెన్స్ అంటే డీలర్‌కు బ్లాక్‌జాక్ ఉందని కాసే పక్క పందెం, దానికి ఒకటికి రెండు ఇస్తారు. అది గిట్టుబాటు కావాలంటే మూసిన ముక్క పది విలువది కావడం మూడింట ఒకసారైనా జరగాలి. పేకలో 52 ముక్కలకు పది విలువవి 16, అంటే 31 శాతం కంటే తక్కువే. వద్దని చెయ్యి ఊపండి, చాలు. అక్కడ వాదన అనవసరం.

మీకే ఎక్కువ ఇస్తే

ఓడిన చేతికి చెల్లిస్తారు, పుష్‌కు గెలుపు సొమ్ము ఇస్తారు. అప్పుడూ ఆపి చెప్పండి. డీలర్ జీతం మీద బతికే మనిషి, తప్పు బయటపడితే చివాట్లు పడేది వారికే. ఇందులో చట్టం కూడా ఉంది. అమెరికాలోని నెవాడాలో, మోసపుచ్చే ఉద్దేశంతో గెలిచినదానికంటే ఎక్కువ తీసుకోవడం నేరం. పైగా మీ నష్టాన్ని మీరు అడిగినప్పుడు, కాసేపటి కిందట ఎక్కువ ఇచ్చింది తిరిగిచ్చిన మనిషి ఈయనే అని సూపర్‌వైజర్‌కు గుర్తుంటుంది.

లేవడం

ఒకే డీలర్ మళ్లీ మళ్లీ తప్పు చేస్తుంటే, ప్రతిసారీ మీకు న్యాయం జరిగినా, ఆ టేబుల్ దగ్గర ఉండొద్దు. డీలర్‌ను కనిపెట్టుకుని ఉండటంలోనే మీ ధ్యాసంతా పోయి మీ ఆట చెడుతుంది. అయితే డీలర్లు వంతుల మీద మారుతుంటారు. చేతులు చరిచి అరచేతులు తిప్పి చూపించి వెళ్లిపోతే వారి వంతు అయినట్టు. రూల్స్ బాగున్న టేబుల్ అయితే పందెం ఆపి, కొత్త డీలర్ వచ్చేదాకా కాసేపు నడిచి రండి. డీలర్ పొరపాటున పోయింది రాబట్టుకుందామని పందెం పెంచడం మాత్రం వద్దే వద్దు.

పైకి వెళ్లాలంటే

టేబుల్ దగ్గర తేలకపోతే లేచిన వెంటనే కాగితం మీదో ఫోన్‌లోనో రాసుకోండి. టేబుల్ దగ్గర ఫోన్ తీయనివ్వని కాసినోలు ఉంటాయి కాబట్టి పక్కకు వెళ్లి రాయండి. తేదీ, నిమిషంతో సహా సమయం, టేబుల్ నంబరు, మీ సీటు, పందెం, మీ ముక్కలు, డీలర్ ముక్కలు తీసిన వరస, సూపర్‌వైజర్ ఏమన్నారు. రికార్డింగులో ఆ నిమిషాన్ని వెతికి పట్టుకోవడానికి ఇవే ఆధారం. రికార్డింగులు ఎల్లకాలం ఉంచరు, కాబట్టి ఆ రోజే కాసినో మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకమో ఈమెయిలో తీసుకోండి.

ఆ తర్వాత ఆ ప్రాంతంలో కాసినోలకు లైసెన్సు ఇచ్చే సంస్థకు వెళ్లొచ్చు. నెవాడాలో వివాదం 500 డాలర్లు లేదా అంతకు మించి ఉండి ఆటగాడితో తేలకపోతే, కాసినోయే వెంటనే గేమింగ్ కంట్రోల్ బోర్డుకు తెలియజేయాలి. 500 లోపైతే, బోర్డు విచారణ కోరే హక్కు మీకుందని కాసినో మీకు చెప్పాలి. బ్రిటన్‌లో లైసెన్సున్న కాసినోలు తమతో తేలని ఫిర్యాదును స్వతంత్ర మధ్యవర్తి సంస్థకు పంపే వీలు ఆటగాడికి ఉచితంగా కల్పించాలి. మీరు ఆడే చోట ఆ సంస్థ ఏదో చిప్స్ కొనక ముందే తెలుసుకుని పెట్టుకోండి. ఆ పేరు తెలిసినవాళ్లు మేనేజర్ ముందు గొంతు పెంచాల్సిన అవసరం ఉండదు.